అస్తరు గుడ్డ

మా చిన్నాయన కూతురు సమర్‌ఖండ్‌లో మెడిసిన్ చదువుతోంది. తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారక్కడ. పోయిన సెలవులకి వచ్చి తిరిగి వెళ్ళేముందు, "అన్నా, రెండు తెల్లకోట్లు కుట్టియ్యవా? ఆడ కొంటే చేతులు పొడుగైతున్నయ్" అంది. మెహిదీపట్నంలో నాకు తెలిసిన టైలర్ దగ్గరికి తీసుకెళ్ళాను. పెద్దాయన టేపు మెడలో వేసుకుని కొలతలు రాసుకుంటూ, అలవాటు కొద్దీ "అస్తర్ వెయ్యాల్నా?" అని అడిగాడు. డాక్టర్ కోటుకి అస్తరేంది మాస్టర్ అని నవ్వాం. ఇంటికొచ్చే దారిలో చెల్లి చెప్పింది: అక్కడ ఈ కోటుని ఖలాత్ అంటారట. రష్యన్‌లో మాట్లాడే సార్లదీ అదే మాట, ఉజ్బెక్ నర్సులదీ అదే మాట. "రష్యన్ పదమే అన్నా" అని తనే తేల్చేసింది కూడా.

ఆ రాత్రి ఆఫీసు పని పక్కన పెట్టి నిఘంటువులు తెరిచాను. ఖలాత్ రష్యన్‌లో పుట్టిన మాట కాదు. ఆ మాటకొస్తే అస్తరు కూడా తెలుగులో పుట్టింది కాదు, పారసీకం నుంచి వచ్చింది. ఉజ్బెక్ దర్జీ కూడా కోటు లోపలి గుడ్డని అస్తర్ అనే అంటాడు. బయటి గుడ్డ అవ్రా, లోపలి గుడ్డ అస్తర్. ఎవరి గుట్టయినా మొత్తం బయటపెట్టడాన్ని ఉజ్బెక్‌లో అవ్రా అస్తర్ తిరగేయడం అంటారు.

నేను భాషాశాస్త్రం చదువుకోలేదు. కోడ్ రాసి బతికేవాణ్ణి. ఒకడి కోడ్ లోపల ఇంకొకడి లైబ్రరీ ఎక్కడ దాక్కుందో వెతకడం మాత్రం అలవాటు. రష్యన్, ఉజ్బెక్ భాషల్లోని బట్టల మాటలని అలా తిరగేసి చూస్తే ఏం కనిపించిందో చెప్తాను.

లోపలిది బయటికి, బయటిది లోపలికి

రష్యన్ స్లావిక్ భాష. ఉజ్బెక్ టర్కిక్ భాష, దానిమీద పారసీకం, అరబ్బీ పొరలు మందంగా ఉంటాయి. రెంటికీ చుట్టరికం లేదు. పొరుగు మాత్రం ఉంది. 13వ శతాబ్దంలో మంగోలులు రష్యా మీద పడ్డ తర్వాత, ఇంచుమించు రెండు వందల ఏళ్ళకి పైగా మాస్కో రాజులు గోల్డెన్ హోర్డ్ ఖానులకి కప్పం కట్టారు. హోర్డ్ జనం మాట్లాడింది టర్కిక్ భాషలు. ఎవరి దర్బారు పెద్దదో వాళ్ళ బట్టలే ఫ్యాషన్ అవుతాయి, బట్టతో పాటు దాని పేరూ వస్తుంది. ఆ కాలంలోనూ, ఆ తర్వాతి వ్యాపారాల్లోనూ రష్యన్‌లోకి వచ్చినవే కఫ్తాన్ (పొడవాటి అంగీ), బష్మాక్ (బూటు), సరఫాన్, ఖలాత్. ఇవి నేరుగా ఉజ్బెక్ నుంచి వెళ్ళినవి కావు. తాతార్ వంటి దాని చుట్టపు భాషల నుంచి, తుర్కుల నుంచి వెళ్ళాయి. కానీ వాటి తోబుట్టువులు ఉజ్బెక్‌లో ఇప్పటికీ బతికే ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తేనే అసలు తమాషా తెలుస్తుంది.

రష్యన్‌లో ప్యాంటుని ష్తనీ అంటారు. ఇంతకన్నా ఇంటి మాట ఇంకోటి ఉండదు. కానీ మాక్స్ ఫాస్మర్ రష్యన్ వ్యుత్పత్తి నిఘంటువు దీన్ని టర్కిక్‌లోని ఇచ్-తోన్ దగ్గరికి తీసుకెళ్తుంది. ఇచ్ అంటే లోపల, తోన్ అంటే బట్ట. ఉజ్బెక్‌లో ఈ రెండు ముక్కలూ ఉన్నాయి. తోన్ అంటే పైన వేసుకునే పొడవాటి అంగీ. ఇష్తోన్ అంటే లోపల వేసుకునే లాగు. అంటే ఒక జాతి లోదుస్తు పేరు ఇంకో జాతి పైదుస్తు పేరయింది. ఉజ్బెక్‌లో బయట వేసుకునే ప్యాంటుకి షిమ్ అని వేరే మాట ఉంది. తాష్కెంట్ వీధిలో ఎవరైనా నా ఇష్తోన్ చూడు అంటే జనం తల తిప్పుకుంటారు. అదే మాటకి చుట్టమైన ష్తనీ వేసుకుని మాస్కోలో ఆఫీసుకి వెళ్ళొచ్చు.

ఖలాత్ కథ దీనికి సరిగ్గా తలకిందులు. దాని మూలం అరబ్బీ ఖిల్అత్. విప్పడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. రాజు తన ఒంటి మీది అంగీ విప్పి, మెచ్చినవాడికి తొడగడం అసలు అర్థం. మొఘల్ దర్బారులో, మన నిజాం దర్బారులో ఇచ్చిన ఖిల్లత్ ఇదే. నలుగురూ చూస్తుండగా వేసుకోవాల్సిన బట్ట, అందరికీ కనబడడమే దాని పని.

అలాంటిది రష్యాలో ఇంటి లోపలికి ఎలా చేరింది? 1700 జనవరిలో జారు పీటర్ ఒక ఆజ్ఞ ఇచ్చాడు. కొలువులో ఉన్నవాళ్ళంతా పాత రష్యన్ బట్టలు మానేసి హంగేరియన్ తరహా బట్టలు వేసుకోవాలని. ఆ తర్వాత జర్మన్, ఫ్రెంచ్ తరహాలు వచ్చాయి. మతగురువులకీ, పొలం దున్నుకునే రైతులకీ మినహాయింపు. దీంతో దొరల పైదుస్తు ఐరోపాది అయిపోయింది. తూర్పు నుంచి వచ్చిన వదులు అంగీ ఇంటికి పరిమితమైంది. సాయంత్రం బిగుతు కోటు విప్పేసి ఖలాత్ వేసుకుంటే హాయి. హాయి నుంచి బద్ధకానికి ఎంతో దూరం లేదు. 1859లో గొంచరోవ్ రాసిన ఒబ్లొమోవ్ నవలలో హీరో మంచం దిగడు, ఒంటి మీది ఖలాత్ విడవడు. రష్యన్ సాహిత్యంలో సోమరితనానికి యూనిఫామ్ ఏదంటే అదే. ఆఖరికి ఖలాత్‌నస్త్ అనే మాట పుట్టింది. అంటే నిర్లక్ష్యం. రష్యా నేరస్మృతి 293వ సెక్షన్ పేరు అదే. అధికారి డ్యూటీలో నిర్లక్ష్యం చేసి నష్టం కలిగిస్తే ఖలాత్‌నస్త్ కింద కేసు పెడతారు. రాజు ఇచ్చిన గౌరవం ఇంకో దేశంలో పోలీసు కేసు అయింది!

ఉజ్బెక్ చట్టంలో అదే నేరం పేరులో బట్టల ప్రస్తావనే లేదు. నెత్తురు చల్లబడడం అనే అర్థమొచ్చే మాట వాడతారు. ఎందుకుండాలి? అక్కడ తోన్, చోపోన్ అనే ఆ పొడవాటి అంగీలు గౌరవాన్ని పోగొట్టుకోలేదు. ముందువైపు గుండీలు లేని దూది అంగీ వేసుకుని, నడుముకి బెల్‌బోగ్ (బెల్ అంటే నడుము, బోగ్ అంటే కట్టు) చుట్టుకుంటే అది పండగ వేషం. ఇంటికొచ్చిన గొప్ప అతిథికి, కుస్తీలో గెలిచినవాడికి, పెళ్ళికొడుక్కి చోపోన్ కప్పుతారు. ఉజ్బెక్‌లో వాడే క్రియ కూడా కప్పడమే. మన సభల్లో శాలువా కప్పి సన్మానించడం చూసినప్పుడల్లా విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు కొంచెం మెత్తబడ్డాను. రాజు లేడు, దర్బారు లేదు, విప్పి ఇవ్వడానికి ఒంటి మీద అంగీ లేదు. కప్పడం మాత్రం మిగిలింది.

సరఫాన్ కూడా ఇదే కోవలోది. పారసీకంలో సరాపా అంటే తల నుంచి పాదం దాకా. నిలువెల్లా కప్పే బట్ట, ఆపాదమస్తకం ఇచ్చే బహుమానం. రష్యాలో మొదట్లో అది మగవాళ్ళ అంగీ. తర్వాత ఆడవాళ్ళ చేతుల్లేని పొడవు గౌను అయింది, ఇప్పుడు రష్యన్ జాతీయతకే బొమ్మ. నృత్య బృందాలు అది వేసుకునే ప్రపంచమంతా తిరుగుతాయి. ఉజ్బెక్‌లో సర్పో అంటే పెళ్ళిళ్ళలో వియ్యాలవారు ఒకరికొకరు పెట్టుకునే బట్టలు. గురుద్వారాలో భక్తుడి మెడలో వేసే సిరోపా కూడా ఈ మాటే. ఒక చోట జాతీయ దుస్తు, ఒక చోట పెట్టుపోతలు, ఒక చోట ప్రసాదం.

దక్షిణానికి వచ్చినవి

1865లో రష్యా సైన్యం తాష్కెంట్‌ని పట్టుకుంది. అక్కణ్ణుంచి మాటల ప్రవాహం దిశ మారింది. కొస్త్యూమ్ (సూటు), పాల్తో (ఓవర్‌కోటు), గాల్‌స్తూక్ (టై), మాయ్‌కా (బనియన్), తూఫ్లి (షూ), కలిష్ (బూట్ల మీద తొడిగే రబ్బరు జోడు). వీటిని విప్పి చూస్తే రష్యన్ సొంతవి తక్కువే. పాల్తో ఫ్రెంచ్‌ది. గాల్‌స్తూక్ జర్మన్‌లో మెడగుడ్డ. రష్యన్ ఇక్కడ దళారీ. మనకి ఇంగ్లీషు కోటు, ప్యాంటు ఇచ్చినట్టు, ఉజ్బెక్‌లకి ఐరోపాని రష్యన్ ఇచ్చింది.

కొత్త మాటలొచ్చినా పాత భాష తన గదులు తను సర్దుకుంది. రష్యన్‌లో మగవాళ్ళ చొక్కా రుబాష్క, ఆడవాళ్ళ గౌను ప్లాత్యే. వేరు వేరు వస్తువులు, వేరు వేరు మాటలు. ఉజ్బెక్‌లో రెండూ కోయ్‌లక్. మగవాళ్ళదా ఆడవాళ్ళదా అని ముందు చెప్పుకోవాలంతే. వేసుకోవడానికి వాడే క్రియల్లో మాత్రం ఉజ్బెక్ మన మాదిరే పట్టింపు మనిషి. చొక్కా, ప్యాంటు, టోపీ, బూటు అన్నిటికీ ఒకే క్రియ, కానీ టై, గడియారం, కళ్ళజోడు పెట్టుకోవడానికి ఇంకోటి, తలగుడ్డ చుట్టుకోవడానికి మరోటి. చీర కట్టి, చొక్కా తొడిగి, టోపీ పెట్టి, పాగా చుట్టే భాష మాట్లాడే మనకి ఇది వెంటనే అర్థమవుతుంది.

గాల్‌స్తూక్‌కి పోటీగా ఉజ్బెక్ వాళ్ళు బోయిన్‌బోగ్ అనే మాట కూడా వాడతారు. నడుముకట్టు బెల్‌బోగ్ అయితే మెడకట్టు బోయిన్‌బోగ్. మన కంఠకౌపీనం హాస్యానికి పుట్టింది, వాళ్ళది నిజంగానే నడుస్తోంది. లిపి సంగతి ఇంకో కథ. అరబ్బీ లిపి నుంచి 1929 నాటికి లాటిన్, 1940లో సిరిలిక్, 1993 చట్టంతో మళ్ళీ లాటిన్. ఒకే మనిషి జీవితంలో పాల్తో అనే మాట స్పెల్లింగ్ ఎన్నిసార్లు మార్చుకుందో!

ఈ దక్షిణ ప్రవాహంలోనే ఖలాత్ తిరిగొచ్చింది. అరబ్బీ దర్బారు నుంచి టర్కిక్ భాషల మీదుగా రష్యా వెళ్ళి, అక్కడ ఇంటి అంగీ అయి, ఆసుపత్రిలో డాక్టరు తెల్లకోటు అయి, ఆ అర్థంతో ఉజ్బెక్‌లోకి దిగింది. ఉజ్బెక్‌లో తెల్ల ఖలాత్ వాళ్ళు అంటే డాక్టర్లు. పక్కింట్లో చోపోన్ వేలాడుతూనే ఉంది. ఆ రెండూ చుట్టాలని ఎవరికీ తట్టదు.

పేరు పెట్టిన చేయి

అమ్మ చిన్నప్పుడు సోవియట్ భూమి పత్రిక కాగితాలతో పుస్తకాలకి అట్టలు వేసుకునేవారట. ఆ ఫోటోల్లో పత్తి పొలాల మధ్య నల్లటి నాలుగు పలకల టోపీ పెట్టుకున్న మనుషులుండేవారు. ఆ టోపీని ప్రపంచానికి రష్యన్ పరిచయం చేసిన పేరు త్యుబితేయ్‌క. నెత్తి, శిఖరం అని అర్థమిచ్చే తాతార్ మాట నుంచి వచ్చింది. ఉజ్బెక్ వాళ్ళు మాత్రం దాన్ని దొప్పి అంటారు. వాళ్ళ టోపీకి వాళ్ళ పేరు కాక, ఇంకో టర్కిక్ భాష పేరు రష్యన్ ద్వారా ప్రచారమైంది. టోపీ విషయంలో ఇది చిన్న సంగతి. పరంజి విషయంలో చిన్నది కాదు.

పరంజి అంటే తలమీంచి పాదాల దాకా జారే అంగీ. ముఖం ముందు గుర్రపు వెంట్రుకలతో అల్లిన చచ్‌వోన్ అనే తెర. ఈ పరంజి అనే మాట అరబ్బీ ఫరాజియ్యా నుంచి వచ్చింది. అది ఒకప్పుడు పండితులు, పెద్దమనుషులు వేసుకున్న వెడల్పు చేతుల అంగీ. ఆడవాళ్ళ తల మీదికి చేరాక ఆ చేతులు పనికి రాకుండా పోయాయి. అయినా తీసేయలేదు. సన్నటి పట్టీల్లా చేసి వెనక కలిపి కుట్టారు. ఎవరూ పిలవని ఫంక్షన్లు పాత కోడ్‌లో అలాగే ఉండిపోయినట్టు.

1927 మార్చి 8న సోవియట్ ప్రభుత్వం హుజుమ్ ఉద్యమం మొదలుపెట్టింది. సమర్‌ఖండ్ రెగిస్తాన్ లాంటి కూడళ్ళలో ఆడవాళ్ళు పరంజీలు విప్పి మంటల్లో వేశారు. హుజుమ్ అంటే ఉజ్బెక్‌లో దాడి. అదే మాట ఉర్దూలో గుంపు. ఆ రోజుల్లో జరిగిన దానికి రెండర్థాలూ సరిపోతాయి. పరంజి తీసిన ఆడవాళ్ళని సొంత మనుషులే చంపారు. చనిపోయినవాళ్ళు వందల్లో ఉన్నారు, కొన్ని లెక్కల్లో రెండు వేల దాకా. మర్గిలాన్‌లో నూర్‌ఖోన్ అనే నర్తకిని 1929లో తమ్ముడో అన్నో కాదు, ఇల్లంతా కలిసి ఒప్పుకున్న పరువు చంపింది. చేయి మాత్రం తోడబుట్టినవాడిది. 

పరంజి వద్దని ముందు నుంచీ అడిగిన ఉజ్బెక్ స్త్రీలున్నారు, వాళ్ళ రాతల్నీ జ్ఞాపకాల్నీ మారియన్ క్యాంప్ అనే చరిత్రకారిణి ఓపిగ్గా పోగుచేసింది. కాబట్టి మాస్కో బలవంతంగా విప్పించిందనడం సగం నిజమే. కానీ మాస్కోకి అది ఒక ఆడమనిషి బట్ట కాదు, వెనకబాటుతనానికి గుర్తు. ఊళ్ళోని మగపెద్దలకీ ఆడమనిషి బట్ట కాదు, మాస్కోకి లొంగకపోవడానికి గుర్తు. ఇద్దరూ దాన్ని జెండా చేశారు. జెండాలోపల మనిషి ఉంది. పొద్దున విప్పి, వారానికి భయపడి మళ్ళీ వేసుకుని, మళ్ళీ విప్పినవాళ్ళున్నారు. ఇవాళ రష్యన్ మాటల్లో పరంజా అంటే ముఖం కప్పే ముసుగు ఏదైనా సరే, ఆఫ్ఘన్ బుర్ఖా అయినా సరే. తాష్కెంట్‌దని ఎవరికీ గుర్తు లేదు.

చీటి గుడ్డ

ఇప్పుడు అస్తరు దగ్గరికి వస్తాను. 19వ శతాబ్దపు బుఖారా, సమర్‌ఖండ్ చోపోన్‌లు ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి. బయట కళ్ళు చెదిరే పట్టు ఇక్కత్. మన పోచంపల్లిలో లాగే ముందు నూలు పోగులు ముడేసి రంగులద్ది తర్వాత నేస్తారు. వాళ్ళు దాన్ని అబ్ర్‌బంది అంటారు, మేఘాల్ని ముడేయడం. అదే చోపోన్‌ని తిరగేస్తే చాలావాటికి లోపల రష్యన్ మిల్లులో అచ్చేసిన పూల నూలు గుడ్డ కనబడుతుంది. మాస్కో, ఇవానవా మిల్లులు మధ్య ఆసియా జనం ఇష్టపడే రంగులేవో, పూలేవో తెలుసుకుని మరీ అచ్చేసేవి. అక్కడి పత్తి ఉత్తరానికి రైల్లో వెళ్ళి, అచ్చుగుడ్డయి తిరిగొచ్చేది. మన పత్తికీ మాంచెస్టర్‌కీ మధ్య జరిగింది తెలిసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు. పత్తికి వాళ్ళ పేపర్లు పెట్టిన పేరు కూడా మన పేపర్లు పెట్టిందే: తెల్ల బంగారం.

ఆ అచ్చుగుడ్డని రష్యన్‌లో సీతెత్స్ అంటారు. ఉజ్బెక్‌లో చిత్ అంటారు. నాకు నిద్ర పట్టనివ్వంది ఈ జంటే. రెండూ ఒకే మాట. చుక్కలు, చిలకరింపు అని అర్థమిచ్చే మన ఉత్తరాది ఛీంట్. తెలుగులో చీటి. చీటి గుడ్డ, చీటి పరికిణీ అని పాత కథల్లో చదివే ఉంటారు. చిత్ భూమార్గంలో పారసీకం మీదుగా ఉజ్బెక్ చేరింది. సీతెత్స్ సముద్రం మీద వెళ్ళింది. డచ్చి వర్తకులు కొని తీసుకెళ్ళి సిట్స్ అన్నారు, డచ్చి నుంచి రష్యన్‌కి అందింది. డచ్చివాళ్ళు ఆ గుడ్డ కొన్న రేవుల్లో ముఖ్యమైనది మచిలీపట్నం. 17వ శతాబ్దం మొదట్లోనే అక్కడ వాళ్ళ కోఠీ ఉంది. కృష్ణాజిల్లా రంగుల నీళ్ళలో తడిసిన గుడ్డ పేరు ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా రష్యా చేరింది. ఆ పేరున్న మిల్లుగుడ్డ తిరిగి ఆసియాలోకి వచ్చి, భూమార్గాన ఎప్పుడో చేరిన తన కవలని సమర్‌ఖండ్ దర్జీ ఒళ్ళో కలుసుకుంది. ఒకే గుడ్డని అమ్మేవాడు సీతెత్స్ అన్నాడు, కొనేవాడు చిత్ అన్నాడు.

దస్తీ

నేను నల్గొండ వైపువాణ్ణి. ఆరో తరగతిలో పట్నం స్కూల్లో చేర్చారు. ఒకరోజు క్లాసులో "సార్, నా దస్తీ పోయింది" అన్నాను. అందరూ నవ్వారు. దస్తీ కాదు, చేతిరుమాలు అనాలి, అది ఉర్దూ, ఇది తెలుగు అని సార్ సరిదిద్దారు. కీస అన్నా నవ్వేవాళ్ళు, జేబు అనాలట. చాలా ఏళ్ళు ఆ రెండు మాటలూ ఇంట్లో మాత్రమే వాడాను. అవి నా లోబట్టలు.

ఉజ్బెక్ నిఘంటువులో చూస్తే రోమోల్ అంటే తలగుడ్డ. పారసీకంలో రూ అంటే ముఖం, మాల్ అంటే తుడిచేది. మన రుమాలే. మా ఊళ్ళో తలకి చుట్టుకునే రుమాలూ అదే, చీరాల, పుట్టపాకల తేలియా రుమాలూ అదే. చేతిలో పట్టుకునే దాన్ని ఉజ్బెక్‌లో దస్త్‌రోమోల్ అంటారు. దస్త్ అంటే చెయ్యి. అంటే చేతిరుమాలు! దాంట్లో మొదటి ముక్క మా దస్తీ, రెండో ముక్క సార్ చెప్పిన శుద్ధమైన తెలుగు. ఇక కిస్సా అంటే ఉజ్బెక్‌లో జేబు, మా కీసే. జేబు కూడా అరబ్బీదే. ఇవి ఉజ్బెక్ నుంచి మనకి రాలేదు, రెండు చోట్లకీ పారసీకం నుంచి వచ్చాయి. మనకి ఉర్దూ తెచ్చింది. అయినా మనుషుల రాకపోకలు లేకపోలేదు. మొదటి నిజాం తాత ఖ్వాజా ఆబిద్ సమర్‌ఖండ్ ప్రాంతం మనిషి. ఔరంగజేబు కొలువులో చేరి, 1687లో గోల్కొండ ముట్టడిలో గాయపడి చనిపోయాడు.

ఏ మాట మాది, ఏది పరాయిది అని తేల్చడానికి కూర్చుంటే, అవ్రా మాత్రమే చూసి చోపోన్ కొన్నట్టే. రష్యన్ తన ష్తనీని సొంతం అనుకుంటుంది, మా చెల్లి ఖలాత్‌ని రష్యన్ అనుకుంటుంది, మా సార్ రుమాలుని తెలుగు అనుకున్నారు. ముగ్గురిలో తప్పెవరిదీ కాదు, వాడుకలో పడితే ఏ మాటైనా సొంతమే. తప్పు ఎక్కడొస్తుందంటే, ఆ సొంతం పేరు చెప్పి పక్కవాడి నోట్లోంచి మాట లాక్కున్నప్పుడు. హుజుమ్‌తో దీన్ని పోల్చను. అక్కడ పోయినవి ప్రాణాలు, ఇక్కడ పోయింది ఒక పిల్లాడి దస్తీ. 

కోట్లు తెచ్చుకోవడానికి వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. మాస్టర్ ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉంచాడు. డబ్బులిస్తూ అడిగాను, ఈ అస్తర్ అనే మాట ఎవరు నేర్పారని. "ఎవరు నేర్పుతరు సార్, మా అబ్బాజాన్ అనేటోడు" అన్నాడు. సమర్‌ఖండ్‌లో కూడా దర్జీలు ఇదే మాట అంటారని చెప్పాను. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు. "గుడ్డ అదే అయితే మాట వేరే ఎట్లుంటది" అని మిగిలిన చిల్లర నా చేతిలో పెట్టాడు. కీసలో వేసుకుని వచ్చేశాను.